సరిపడా సాక్ష్యం

కలకత్తా భవానీపూర్ మెట్రో మెట్ల మీద నుంచి దొర్లిన మనిషి కింద ఆగేసరికే ప్రాణం పోయింది. మెడలో సన్నటి విషపు సూది. హెర్మన్ కేసులో అతనొక్కడే సాక్షి.

చీఫ్ రఘురాం ఏజెంట్ కామేష్‌ని వెంటనే పిలిపించాడు.

"యూరప్‌లో ఓ దేశపు రేవులో ఓడ పేల్చి మన ఖలాసీల్ని చంపిన హెర్మన్ ఇక్కడ దొరికాడు. ఆ దేశానికి అప్పగించాలంటే, ఒప్పందం ప్రకారం మన మేజిస్ట్రేట్‌కి ప్రైమాఫేసీ కేసు కనబడాలి. నేరం రుజువు కానక్కర్లేదు, అక్కడ విచారణకి సరిపడా సాక్ష్యం చాలు. ఈ మధ్యాహ్నం అదీ లేకపోతే వదిలేస్తారు. ఎవణ్ణో ఒకణ్ణి సాక్షిగా తయారుచెయ్."

"దొంగ సాక్షినా సార్?" కామేష్ తల అడ్డంగా ఊపాడు. "లీనాని తెస్తాను."

లీనా హెర్మన్ ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. అందగత్తె. ఆ పేలుడులో భర్తని పోగొట్టుకున్న జగ్గమ్మ ఇంట్లో, రేవు పక్క వాట్‌గంజ్ పేటలో దాక్కుంది.

మీటర్ రీడర్ వేషంలో కామేష్ తలుపు తట్టాడు. "హిల్సా చేప ఉందా?"

"ముళ్లే మిగిలాయి." లోపల్నుంచి లీనా గొంతు. కోడ్ కలిసింది. ఆమె కంచం వదిలి బయల్దేరింది.

"ఏటి బాబూ, పిల్లని కూడైనా తిననీవా?" అంది జగ్గమ్మ.

"కోర్టుకమ్మా. మీ ఆయన్ని చంపినవాణ్ణి పట్టించడానికి."

"అయితే నానూ వస్తాను."

అలీపూర్ కోర్టు గుమ్మంలో నల్లకోటు వాడొకడు లీనా మీదికి పెన్ను ఎత్తాడు. కామేష్ వాడి మణికట్టు విరిచి పట్టుకున్నాడు. సూది లీనా చెవి పక్కగా పోయి తలుపుకి గుచ్చుకుంది.

లోపల హెర్మన్ లాయరు నవ్వుతూ అడిగాడు. "బాంబు హెర్మన్ పెట్టడం చూశారా?"

"లేదు." లీనా జగ్గమ్మకీ అర్థమయ్యే హిందీలోనే చెప్పింది. "అతను నా చేతికిచ్చాడు. పెట్టింది నేను."

"ఇందులో నిజమెంతో అక్కడి కోర్టు తేలుస్తుంది. పంపడానికిది చాలు," అన్నాడు మేజిస్ట్రేట్.

వెనక బెంచీలోంచి జగ్గమ్మ లేచింది. "నువ్వేటే? నా సేత్తో కూడెట్టినానే నీకు!"

కామేష్ ఆమె ముఖం చూడలేకపోయాడు.

కారెక్కాక రఘురాం అతని భుజం తట్టాడు. "శభాష్! లీనాకి క్షమాభిక్ష ముందే ఖాయం చేశాంలే."

లీనా లిప్‌స్టిక్ దిద్దుకుంటూ అంది. "జగ్గమ్మ చేపల పులుసు మాత్రం అద్భుతం."

కామేష్ కిటికీ అద్దం దించాడు. ఆదిగంగ కాలవ మురుగు కంపు గుప్పున కొట్టింది. ఆ రోజు మొత్తానికి అతను పీల్చిన మంచిగాలి అదొక్కటే.