మర్పల్లి అంగడిలో పదకొండు పేర్లు

"పన్నెండు గొట్టేసరికి పేర్లు బయటవడితె పదకొండు పాణాలు పోతయి, మహిధర్."

వికారాబాద్ సీక్రెట్ ఆఫీసులో చీఫ్ సోమేశ్వర్ ఒక ఫొటో ముందుకు తోశాడు.

"డాక్టర్ అమూల్య. జిహాదీ ముఠాల మీద ఎనిమిదేండ్ల సంది రీసెర్చ్ చేస్తున్నది. ముఠా ఇడిసిపెట్టి బయటికొచ్చినోళ్లు పదకొండు మంది ఆమెకు అన్ని చెప్పిండ్రు. పుస్తకంల పేర్లు లేవు, నంబర్లే. అసలు పేర్లు ఒక సర్వర్‌ల ఉన్నయి. నాలుగంకెల కోడ్. అది ఆమె తలకాయల తప్ప ఏడ లేదు."

"ఆ పేర్ల ఎంబడి పడ్డది విదేశీ ముఠానా?"

"అవ్. తాండూర్ దిక్కు ఏడనో మిషన్ పెట్టి కోడ్ ఇరగ్గొడుతున్నది. పన్నెండుకు తెరుసుకుంటది. అమూల్య అసిస్టెంట్ మనీషా డబుల్ ఏజెంట్. మనకాడ జీతం, వాళ్లకాడ పని. హ్యాండ్‌బ్యాగుల పిస్టల్. అమూల్య నోరు ఇప్పితె కాలుస్తది."

"నా పని?"

"ఇయ్యాల అమూల్య మర్పల్లి అంగడిల వాళ్లింటి ఎద్దును అమ్ముతది. ఆమె రాకపోతె ఊరంత అడుగుతరని మనీషా ఆపలె, కావలికి ఎంబడే వస్తది. మాటల్లేకుండ కోడ్ తీస్కో. ముందుగాల పేర్లు మనకు కాపీ. ఎన్క చెరిపెయ్యి."

పదకొండూ నలభై. మర్పల్లి పశువుల అంగడి. నెరిసిన పెట్టుడు మీసం, ధోతి, భుజాన తువ్వాల. చొక్కా చేతి కింద సర్వర్‌తో కలిసే వాచీ. ఎడ్ల దలాల్ వేషంలో మహిధర్ అమూల్య ముందు ఆగాడు.

"పదకొండు అంగళ్లు తిరిగినక్కా. గిసొంటి ఎద్దు దొరకలె."

పదకొండు. ఆ లెక్క తెలిసినవాళ్లు తక్కువ. అమూల్యకు అర్థమైంది.

"బేరం జేస్తవా, ఊకె సూసి పోతవా?"

మహిధర్ ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పాడు. అంగడిలో ఎడ్ల బేరం తువ్వాల కిందే. వేళ్లే మాట్లాడతాయి.

అమూల్య పక్కనే నిలబడ్డ నల్లద్దాల మనీషా ముక్కు చిట్లించింది. "ఏంటిది? పైకి చెప్పుకోవచ్చుగా?"

"పక్కోడు ఇంటె బేరం చెడుతది బిడ్డా."

అమూల్య అతని మూడు వేళ్లు నొక్కింది. తర్వాత ఒకటి. తర్వాత నాలుగు. అంతే, చెయ్యి లాక్కుంది.

మహిధర్ ఆ మూడంకెలూ వాచీలో కొట్టాడు. మనీషా చూసింది.

"ఎడ్ల దలాల్‌కి ఆ వాచీనా?"

పిస్టల్ బయటికి వచ్చింది. మహిధర్ విసిరిన తువ్వాల దాని మీద పడింది. గుండు మట్టిలో దిగింది. పక్కన పగ్గాలు అమ్ముతున్న ఇద్దరు ఏజెంట్లు ఆమెను పట్టేశారు. ఆమె ఫోన్‌లో అడ్రస్ దొరికింది: తాండూరులో మూతపడిన నాపరాళ్ల పాలిషింగ్ షెడ్. తాండూరు టీముకు కబురు వెళ్లింది. వాళ్లు చేరేసరికి పన్నెండు దాటుతుంది.

పదకొండూ యాభై ఏడు.

"నాలుగో అంకె చెప్పున్రి మేడం."

"చెప్ప. మీకు గూడ పేర్లు సూపియ్య."

"మేం గవర్నమెంటు మేడం."

"అయితేంది? వాళ్లల్ల ఒకడు ఆటో నడుపుతుండు. ఒకామె మిషన్ కుడుతున్నది. మీ పేరు ఎవ్వలకియ్యనని వాళ్లింట్ల అన్నం తినుకుంట మాటిచ్చిన. మనీషా పిస్టల్ పెట్టి అడిగితె చెప్పలె. నువ్వు మేడం అన్నవని చెప్పాల్నా?"

"టైం లేదు."

"కాపీ తియ్యకుండ చెరిపేస్తనని మాటియ్యి. అంకె ఇస్త."

చెవిలో సోమేశ్వర్ గొంతు. "కాపీ ముందు, మహిధర్. ఇది ఆర్డర్."

పదకొండూ యాభై తొమ్మిది. మహిధర్ చెవిలోని ఇయర్‌పీస్ తీసి, కాలి కింద వేసి తొక్కాడు.

"చెరిపేస్త."

అమూల్య రెండు వేళ్లు చూపింది. అతను ఆ అంకె కొట్టి, కాపీ తీయకుండా పేర్లన్నీ చెరిపేశాడు.

పన్నెండుకు తాండూరు షెడ్‌లో మిషన్ తాళం తెరిచింది. లోపల ఒక్క అక్షరం లేదు. ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్న ముఠాను కాసేపటికి టీము అలాగే పట్టుకుంది.

అంగడిలో అమూల్య ఎద్దు పలుపు తెచ్చి మహిధర్ చేతిలో పెట్టింది.

"ఇదేంది?"

"తువ్వాల కింద చెయ్యి కలిసిందంటె బేరం అయినట్టె. అంగడంత సూసిండ్రు. ఎద్దు నీదే."

సాయంత్రం ఆఫీసులో సోమేశ్వర్ మొహం కందగడ్డలా ఉంది.

"పేర్లేవి?"

"లేవు సార్."

"మరి ఏం తెచ్చినవ్?"

మహిధర్ కిటికీ తెరిచాడు. చీఫ్ జీపుకు కట్టేసి ఉంది.

"ఎద్దు సార్. పని మస్తు జేస్తదట. చెప్పిన మాటనే ఇనదట."