అనిమాకు పడ్డ ఎర్ర కార్డు

పొద్దున్నే అగాథా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూతురు అనిమా గడప మీద కూర్చుని హాకీ కర్రకు కొత్త పట్టీ చుడుతోంది.

"ఇంకెందుకే అది?" అంది తల్లి. అనిమా పట్టీని ఇంకా గట్టిగా లాగి చుట్టింది.

ఆ చుట్టుపక్కల హాకీ పోటీల్లో గెలిచిన ఊరికి మేకపోతును ఇస్తారు. నిన్నటి ఆఖరి ఆటలో బంతి లాక్కుందని పక్క ఊరి జస్మనీ మోకాలి మీద అనిమా కర్రతో కొట్టింది. ఎర్ర కార్డు పడి ఆట మధ్యలోనే బయటికి రావాల్సి వచ్చింది. మేకపోతు పక్క ఊరికి పోయింది. పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చిన సుందర్‌గఢ్ హాకీ హాస్టల్ మాస్టారు ఒకటే మాట చెప్పాడు: "జస్మనీ క్షమిస్తేనే నీకు సీటు."

"నా పరువు తీసింది!" తండ్రి బెనెడిక్ట్ అరిచాడు. ఊరి ఆడపిల్లల జట్టుకు పదేళ్లుగా అతనే కోచ్. "కొట్టమని నేర్పానా?"

"విరామంలో ఏమన్నావు నాన్నా? ఆవుకు కర్రిచ్చినా నీకంటే బాగా ఆడుతుంది అనలేదూ? అందరి ముందూ!"

"రోషం రావాలని అన్నాను."

"వచ్చింది."

"నోరు ముయ్యి!"

"ఇక ఆపండి," అంది అగాథా. "పదండి, ముగ్గురం జస్మనీ దగ్గరికి వెళ్దాం."

జస్మనీ ఇంట్లో మేక కూర ఉడుకుతోంది. కట్టు కట్టిన కాలు చాపుకుని ఆ పిల్ల మంచం మీద ఉంది. కాలు ఎలా ఉందో చూడటానికి వచ్చిన హాస్టల్ మాస్టారు పక్కనే ఉన్నాడు. అనిమా వెళ్లి కాళ్లు పట్టుకుంది. "తప్పయింది."

"అబ్బా, చెయ్యి తియ్యవే, నొప్పి!" అంది జస్మనీ. అందరూ నవ్వారు.

జస్మనీ తల్లి విస్తళ్లలో అన్నం, కూర వడ్డించింది. "తినకుండా పోతే ఊరుకోను."

అనిమా తన విస్తరి తీసుకుని మూలకు వెళ్లి, గోడవైపు తిరిగి కూర్చుంది. ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టి వట్టి అన్నం తినసాగింది.

"ఇదేం పిల్ల! గోడతో ముచ్చట్లా?" అంది జస్మనీ తల్లి.

"మా ఇంట్లో ఆట పాడుచేసినవాళ్లు ఇలాగే తినాలి అత్తా. ముక్క పెట్టరు." అనిమా మామూలుగానే చెప్పింది.

అగాథా తల దించుకుంది. ఇన్నేళ్లూ ఆ వట్టి అన్నం వడ్డించింది తనే. బెనెడిక్ట్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇటు తిరుగమ్మా," అన్నాడు.

ఆ గొంతు వినగానే అనిమా ఉలిక్కిపడి, ఇంకాస్త గోడ దగ్గరకు జరిగింది.

జస్మనీ అదంతా చూస్తోంది. "మాస్టారూ, నేను క్షమించాను. దీన్ని ఇవాళే హాస్టల్‌కు తీసుకెళ్లండి. ఇంటికి మాత్రం పంపకండి."

బెనెడిక్ట్ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"తీసుకెళ్లండి మాస్టారూ," అన్నాడు. కూతురి ముందు అతను అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.