పది షాపుల రిపోర్టు

"ఆ గొడుగు బయట పెట్టి రండి. గ్రీస్ మొత్తం తడిసిపోతోంది."

ఉత్తర ఇంగ్లండులో ఒక టూర్ల షాపులో, బల్ల వెనక కూర్చున్న హెట్టీ నాతో అన్న మొదటి మాట అది. చూస్తే నిజమే. నా గొడుగు నుంచి కారే నీళ్లు బల్ల మీద పేర్చిన గ్రీస్ బ్రోషర్ల మీద పడుతున్నాయి. హాలిఫాక్స్‌లో జనవరి వాన సంగతి తెలిసినవాళ్లెవరూ గొడుగు పట్టుకుని బయల్దేరరు, గాలికి అది ఎలాగూ తిరగబడుతుంది. నేను లీడ్స్ వాణ్ణి. రైల్లో ముప్పావుగంట దూరమే అయినా, మేం కాస్త నాజూకు మనుషులం.

గొడుగు బయట పెట్టి, తల తుడుచుకుని, ఆమె ఎదుట కూర్చున్నాను.

"ఎక్కడికి, ఎప్పుడు, ఎంతమంది?"

"మాయోర్కా దీవి, జూన్ రెండో వారం, ఏడు రాత్రులు, ఇద్దరం" గడగడా అప్పజెప్పాను.

"ఇంటి దగ్గర బట్టీ పట్టి వచ్చారా ఏంటి?"

బట్టీ పట్టే వచ్చాను. నా ఉద్యోగం అలాంటిది. లీడ్స్‌లో ఒక చిన్న షేర్ల కంపెనీలో, టూరు కంపెనీల మీద రిపోర్టులు రాస్తాను. కొనండి, ఉంచుకోండి, అమ్మేయండి అనే మూడు ముక్కల్లో ఏదో ఒకటి చెప్పి, దానికి పన్నెండు పేజీల కారణాలు చూపించాలి. లార్క్‌వే హాలిడేస్ నా వంతు. విమానం, హోటలు, తిండి అన్నీ కలిపి ఒకే ధరకి అమ్మే కంపెనీ అది.

ఈ ఏడు జనం ప్రయాణాలు చేస్తారా, చేయరా? కంపెనీ వసంతంలో గానీ చెప్పదు. ఈలోపే పసిగట్టడానికి మా వాళ్లకి ఒక పద్ధతి ఉంది. మామూలు మనిషిలా షాపులోకి వెళ్లి కూర్చోవాలి. ప్రతిసారీ అదే టూరు అడగాలి. ధర తగ్గుతుంటే గిరాకీ లేదని అర్థం. కుర్చీలు ఖాళీగా ఉంటే మరీ లేదని అర్థం.

"పది ఊళ్లు, పది షాపులు" అన్నాడు మా బాస్ క్లైవ్. "పెళ్లయిందని చెప్పు. ఒంటరి మగాణ్ణి వాళ్లు పట్టించుకోరు."

ఆ జాబితాలో మొదటి పేరు హాలిఫాక్స్.

"రెండో పేరు చెప్పండి. మీ ఆవిడది" అంది హెట్టీ, కీబోర్డు మీద వేళ్లు పెట్టి.

అది మాత్రం బట్టీ పట్టలేదు. దిక్కులు చూశాను. ఆమె వెనక గోడ మీద, పెద్దక్షరాల్లో ఊరి పేరున్న ఇటలీ పోస్టరు కనిపించింది.

"ఫ్లోరెన్స్" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత వంచిన తల ఎత్తకుండా టైపు చేసింది. "బావుంది పేరు. ఫ్లోరెన్స్ గారు అదృష్టవంతురాలు."

మరుసటి శనివారం నేను హడర్స్‌ఫీల్డ్ వెళ్లాలి. స్టేషన్‌కి వెళ్లాను కూడా. ఎక్కింది మాత్రం హాలిఫాక్స్ రైలు. ఒకసారి ధర చూస్తే సరిపోదు, అదే షాపులో రెండోసారి చూస్తేనే తేడా తెలుస్తుంది అని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

"ఫ్లోరెన్స్ గారు ఏమన్నారు?" అంది హెట్టీ నన్ను చూడగానే.

"మాయోర్కాలో ఎండ ఎక్కువట."

"ఎండ కోసమే కదండీ వెళ్లేది?"

"తనకి కాస్త నీడ ఉన్న ఎండ కావాలట."

"నీడ ఉన్న ఎండ." నోట్‌బుక్‌లో నిజంగానే రాసుకుంది. "హోటలు వాళ్లకి చెప్తాను. తయారు చేసి ఉంచుతారు."

మూడో శనివారం బ్రాడ్‌ఫర్డ్ ఎగ్గొట్టాను.

"ఇప్పుడేమైంది?"

"తెల్లారకముందే జర్మన్లు లేచి, ఈతకొలను దగ్గర కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు పరిచేస్తారట. తనకి చోటు దొరకదట."

"మీరు ముందే లేచి మీ తువ్వాలు పరవండి."

"నాకు మెలకువ రాదు."

"ఆవిణ్ణి లేపమనండి."

"ఆవిడ నన్ను ఎప్పుడూ లేపలేదండీ."

"ఎంత మంచి మనిషండీ!" అంటూ టీ తెచ్చింది. పక్కన ఒక పార్కిన్ ముక్క, మా వైపు చేసే అల్లం కేకు. అల్లం ఘాటు నషాళానికి అంటింది. బయట వాన ధారగా కురుస్తోంది. షాపులో మేమిద్దరమే. కుర్చీలు ఐదు, నాది తప్ప అన్నీ ఖాళీ. ఆ సంగతి రిపోర్టు కోసం గుర్తు పెట్టుకున్నాను. నవ్వేటప్పుడు ఆమె ముక్కు ఎలా ముడుచుకుంటుందో మాత్రం ఏ రిపోర్టూ అడక్కుండానే గుర్తుండిపోయింది.

అలా పది శనివారాలు. హడర్స్‌ఫీల్డ్ ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

ఆరోవారం ఆమె నా వేలు చూసి, "ఉంగరం ఏదీ?" అంది. సబ్బు రాసుకుంటే జారిపోయిందన్నాను. "కనిపెట్టుకుని ఉండండి, ఫ్లోరెన్స్ గారు కూడా జారిపోగలరు" అంది. నాకు పెళ్లి కాలేదని అక్కడికక్కడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఇంక ఏ వంక పెట్టుకుని రావాలి? నోరు మూసుకుని పార్కిన్ తిన్నాను.

మార్చిలో రిపోర్టు ఇచ్చాను. "పది సందర్శనలు. షాపు ఖాళీ. ధర వారం వారం తగ్గుతోంది. జనానికి ప్రయాణాల మీద మనసు లేదు. లార్క్‌వే షేర్లు అమ్మేయండి." పది సందర్శనలన్నాను గానీ పది షాపులనలేదు, కాబట్టి అబద్ధం కాదు అనుకున్నాను. చదివినవాళ్లంతా పది షాపులనే అనుకుంటారని నాకు బాగా తెలుసు.

ఇన్వెస్టర్లు వింత మనుషులు. ఒకడు తలుపు వైపు నడిస్తే చాలు, మిగతావాళ్లు ఎందుకని అడక్కుండా పరిగెడతారు. మధ్యాహ్నానికి లార్క్‌వే షేరు పదో వంతు పడింది. వారం తిరిగేసరికి, చిన్న ఊళ్లలో షాపులు అవసరమా కాదా ఆలోచిస్తామని కంపెనీ ఒక జాబితాతో సహా ప్రకటించింది. ఆ జాబితాలో మొదటి పేరు కూడా హాలిఫాక్సే.

ఆ శనివారం నేను రైలెక్కలేదు. మొహం చెల్లలేదు.

తర్వాతి బుధవారం లీడ్స్‌లో లార్క్‌వే వాటాదార్ల వార్షిక సమావేశం. మా దేశంలో వీటికి పెద్ద పెద్ద మదుపరులు రారు. నాలుగు షేర్లున్న ముసలివాళ్లు వస్తారు, ఛైర్మన్‌ని కడిగేసి, సాండ్‌విచ్‌లు తిని వెళ్తారు. నేను మూడో వరసలో కూర్చున్నాను. ఒక పెద్దావిడ చేతికర్రతో లేచి మైకు అందుకుంది.

"నా పేరు ఐరిస్ బూత్. హాలిఫాక్స్. ఎవడో జోనస్ ఫర్త్ అట, జనం ఊళ్లు తిరగడం మానేశారని రాశాట్ట. వాడి మాట విని మా షాపు మూసేస్తారా? అసలు వాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారన్నా సెలవుకి వెళ్లాడా అని అడుగుతున్నా."

హాలంతా ఘొల్లుమంది. ఛైర్మన్ చిరునవ్వుతో, "ఫర్త్ గారు ఇక్కడే ఉన్నట్టున్నారు" అన్నాడు. తలలన్నీ తిరిగాయి. లేచి నిలబడక తప్పలేదు. అప్పుడు చూశాను. పెద్దావిడ పక్క కుర్చీలో, ఆవిడ కోటు ఒళ్లో పెట్టుకుని, హెట్టీ.

టీ విరామంలో ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఫ్లోరెన్స్ గారు రాలేదా?"

"హెట్టీ, ఫ్లోరెన్స్ అనేవాళ్లు లేరు."

"తెలుసు. మొదటి రోజే తెలుసు. నా వెనక గోడ మీద చూసి చదివారు."

"మరి పది వారాలూ..."

"పాపం, మాట కలపడం రాక పెళ్లాన్ని కల్పించుకున్నాడు, వట్టి వెర్రిబాగులవాడు అనుకున్నాను. నా కోసం వస్తున్నాడు, ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పుతాడులే అనుకున్నాను." ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "మీరు కుర్చీలు లెక్కపెట్టడానికి వచ్చారు."

"మొదటిసారి అందుకే వచ్చాను. తర్వాత నీ కోసమే... మీ కోసమే."

"పది షాపులు తిరిగారట కదా. పదిమంది అమ్మాయిలకీ నీడ ఉన్న ఎండ కథ చెప్పే ఉంటారు."

"లేదు. ఒక్క మీ షాపుకే వచ్చాను. ఒట్టు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆ రిపోర్టు నిజమైతే మీరు అబద్ధం. మీరు నిజమైతే ఆ రిపోర్టు అబద్ధం. రెండూ ఎలా కుదురుతాయండీ? ఏదో ఒకటి తేల్చుకోండి."

వెళ్లిపోయింది. ఐరిస్ గారు మాత్రం సాండ్‌విచ్ పట్టుకుని అక్కడే నిలబడింది. ఆవిడ హెట్టీకి అమ్మమ్మ అని అప్పుడే తెలిసింది.

"శనివారం షాపుకి ఎవడొస్తాడయ్యా నువ్వు తప్ప?" అంది. "మంగళవారం మా బింగో హాలుకి రా, అంకెల ఆటకి మా వీధంతా అక్కడే చేరుతుంది. కళ్లు తెరిచి చూడు."

వెళ్లాను. హాలిఫాక్స్‌లో ఒకప్పుడు మిల్లులన్నీ ఏడాదికి ఒకే వారం మూసేవాళ్లు. వీధికి వీధి కలిసి సముద్రానికి బయల్దేరేది. మిల్లులు పోయాయి గానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ ఒక్కళ్లుగా ఎవరూ కదలరు. ఎక్కడికో, ఎప్పుడో ఐరిస్ గారు తేల్చాలి, మిగతావాళ్లు ఆవిడ వెనక పేర్లిస్తారు. పోయిన డిసెంబర్‌లో ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. కాలు కుదుటపడేదాకా వీధి మొత్తం ఆగింది. హెట్టీ లాప్‌టాప్ పట్టుకుని ప్రతి మంగళవారం ఇక్కడే కూర్చుని, మోకాలు సంగతి కనుక్కుని వెళ్తోంది.

ఆ మంగళవారం ఐరిస్ గారు చేతికర్ర తలుపు దగ్గర వదిలేసి, ఆ చివరిదాకా నడిచింది. చప్పట్లు మోగాయి. "క్రీట్!" అని ఆవిడ గ్రీస్ దీవి పేరు చెప్పడం ఆలస్యం, హెట్టీ బల్ల ముందు వరస కట్టారు. నేను వెనక గోడకి ఆనుకుని లెక్కపెట్టాను.

అంతా అయ్యాక హెట్టీ లాప్‌టాప్ మూస్తూ, "ఎంతమంది?" అంది.

"ముప్పై ఎనిమిది."

"ముప్పై తొమ్మిది. మా అమ్మమ్మని మర్చిపోయారు." నవ్వలేదు. కోటు తొడుక్కుని బస్సుకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే క్లైవ్ గదిలోకి వెళ్లాను.

"పది షాపులు తిరగలేదు. ఒకే షాపుకి పదిసార్లు వెళ్లాను."

క్లైవ్ కళ్లజోడు తీశాడు. "ఎందుకూ?"

నేను రిపోర్టు బల్ల మీద పెట్టాను.

"అక్కడ టీ బాగుంటుందా?"

"టీ కూడా బాగుంటుంది."

క్లైవ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత నిట్టూర్చాడు. "రిపోర్టు వెనక్కి తీసుకో. తప్పయిందని రాయి. అయితే చివర చిన్నక్షరాల పెట్టె ఉంటుంది చూడు, రాసినవాడికి ఆ కంపెనీతో సొంత సంబంధం ఏదన్నా ఉంటే చెప్పాలి. అది రాశాక లార్క్‌వే ఇంక నీ చేతిలో ఉండదు. లండన్‌లో షేర్లవాళ్లంతా నిన్ను చూసి పగలబడి నవ్వుతారు."

"నవ్వనీ."

ఆ మధ్యాహ్నం రాసింది ఇదీ: "గత రిపోర్టులో పది సందర్శనలు అన్నాను. అవి పది షాపులు కావు, ఒకే షాపు పదిసార్లు. అందువల్ల ఆ రిపోర్టు చెల్లదు. జనానికి ప్రయాణాల మీద మనసు లేదన్నది తప్పు. నేను చూసిన ఊళ్లో వాళ్లు ఒక పెద్దావిడ మోకాలు కుదుటపడేదాకా ఒకరి కోసం ఒకరు ఆగారు, అంతే."

చిన్నక్షరాల పెట్టెలో: "రచయిత సొంత సంబంధం: ఈ కంపెనీలో షేర్లు లేవు. బంధువులు లేరు. హాలిఫాక్స్ షాపులో పనిచేసే ఒకరిని రచయిత ప్రేమిస్తున్నాడు. మిగతా తొమ్మిది షాపులకి వెళ్లకపోవడానికి కారణం అదే. ఆమె సమాధానం ఇంకా తెలియదు."

చిన్నక్షరాలు ఎవరూ చదవరంటారు. ఉత్త మాట. మర్నాడు ఎనిమిదింటి నుంచి ఫోన్లు. పెద్ద పెద్ద నిధులు చూసేవాళ్లు, ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడేవాళ్లు, "షేరు సంగతి తర్వాత, ఆ అమ్మాయి ఏమంది?" అని అడగడమే. ఏమీ అనలేదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఒకాయన ఓపిక పట్టమన్నాడు. ఇంకొకాయన నష్టం తెంచుకుని బయటపడమన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి హెట్టీ మా ఆఫీసులోకి వచ్చింది. చేతిలో నా రిపోర్టు, నలిగిపోయి ఉంది.

"మా అమ్మమ్మ నిన్న రాత్రి భూతద్దం పెట్టి దీన్ని బింగో హాల్లో అందరికీ చదివి వినిపించింది" అంది. "రెండుసార్లు. మైకులో."

"క్షమించు."

"ఎందుకు? తొమ్మిది షాపులకి వెళ్లనందుకా?" నా బల్ల అంచున కూర్చుంది. "ఉద్యోగం ఉంటుందా?"

"ఉంటుంది. ఇకనుంచి ఓడల కంపెనీలు చూడమన్నారు. మీ కంపెనీ గురించి నేనింక ఏం చెప్పినా ఎవరూ వినరు."

"మంచిది. నేను వింటాలే." ఆమె కాగితం వైపు చూసింది. "జోనస్, ఇదంతా నిజమేనా? ఒక్క నా షాపేనా?"

"ఒక్క నీ షాపే. రెండో శనివారం నుంచి ధర అడగడం కూడా ఉత్త వంకే. నువ్వంటే ప్రాణం హెట్టీ. ముందే చెప్పాల్సింది."

"పది శనివారాలు ఎదురు చూశాను, మొద్దూ" అంది. కళ్లు తడిగా ఉన్నాయి. "అమ్మమ్మ ఆదివారం భోజనానికి తీసుకురమ్మంది. తన మోకాలు సంగతి రిపోర్టుకి ఎక్కించిన కుర్రాణ్ణి తను వదలనంది."

బల్ల మీద ఫోన్ మోగింది. నేను అందుకునేలోపే ఆమె తీసేసింది. ఎడిన్‌బరో నుంచి ఎవరో పెద్దమనిషి, గొంతు నాకూ వినబడుతోంది. అదే ప్రశ్న.

"ఆ అమ్మాయినే మాట్లాడుతున్నానండీ" అంది హెట్టీ, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని. "సరేనన్నాను."