నల్ల ట్యాగ్

వరండా ఖాళీగా ఉంది!

పదకొండు స్ట్రెచర్లు. ఒక్కదాని మీదా మనిషి లేడు.

నర్సు ఆపరేషన్ థియేటర్‌లోంచి ఇప్పుడే వచ్చింది. చేతులకి గ్లవ్స్ కూడా ఇంకా తీయలేదు.

"శవాలేవీ?"

గేటు దగ్గరి వాచ్‌మన్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "శవాల ట్రక్కు తాత తీసుకెళ్ళిపోయాడు సిస్టర్. ఇవాళ చీకటి పడేలోపే గొయ్యి పూడ్చెయ్యాలట. ఆర్డరొచ్చింది."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలు."

పది నిమిషాలు!

ఆమె వార్డు వైపు చూడనైనా చూడలేదు. మెట్ల మీంచి దూకి అంబులెన్స్ వైపు పరుగెత్తింది.

"బాబాయ్! స్టార్ట్ చెయ్!"

డ్రైవర్ టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "పర్మిషన్ లేదమ్మాయ్. పావుగంటలో చీకటి పడుతుంది. చీకట్లో ఏ బండి కదిలినా రెండు వైపుల వాళ్ళూ..."

"స్టార్ట్ చెయ్యమన్నానా!"

గ్లాసు కిటికీలోంచి ఎగిరిపడింది. బండి గేటు దాటింది.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడికి?"

"శవాల ట్రక్కు వెనకాల."

"చచ్చినోళ్ళు ఎక్కడికి పారిపోతారమ్మాయ్?"

"అందులో ఒకడు చావలేదు బాబాయ్! నల్ల ట్యాగ్ కట్టింది నేనే. నా చేత్తో!"

బాబాయ్ యాక్సిలరేటర్ తొక్కాడు.

ఆ ఆస్పత్రి ఒకప్పుడు స్కూలు. బాంబు పడ్డ ప్రతిసారీ మనుషులు గుంపులుగా వస్తారు. వచ్చినవాళ్ళకి గేటు దగ్గరే చేతికి ట్యాగ్ కడతారు. పచ్చ అయితే నడవగలడు. పసుపు అయితే ఆగగలడు. ఎరుపు అయితే వెంటనే కత్తి పెట్టాలి.

నలుపు అయితే... వరండా.

నల్ల ట్యాగ్ వైపు ఎవరూ రెండోసారి చూడరు. అందుకే కట్టింది!

ఆ మనిషిది మందుల షాపు. పోయిన వారం మందుల లారీలని ఆపి, ముగ్గుర్ని కాల్చేసి, సరుకంతా దోచుకుపోయింది ఎవరో కళ్ళారా చూసినవాడు అతనొక్కడే. భుజంలో తూటాతో మధ్యాహ్నం ఆస్పత్రికి చేరాడు.

వెనకే ఆ దోచుకున్నవాళ్ళూ వచ్చారు. నలుగురు. తుపాకులు గేటు దగ్గరి పెట్టెలో పెట్టారు. ఎంతటివాడిదైనా ఆ గేటు దాటి ఆయుధం లోపలికి రాదు. వాచ్‌మన్ జేబులూ నడుమూ తడిమి చూస్తాడు.

వాళ్ళు మంచాలు వెతుకుతుండగా ఆమె అతనికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. నల్ల ట్యాగ్ కట్టింది. మొహం మీద దుప్పటి లాగింది.

ఐదే నిమిషాలు వెతికారు. వెళ్ళిపోయారు.

అదృష్టం అనుకుంది. ఆపరేషన్ అవగానే లోపలికి తెద్దామనుకుంది. ఒక పిల్ల కడుపులోంచి ఇనుప ముక్కలు తీసేసరికి రెండు గంటలు పట్టింది.

వాచీ చూసుకుంది. ఆరు ఇరవై. ఆరున్నరకి మత్తు దిగుతుంది.

గొయ్యి దారిలో చెక్‌పోస్టు ఉంది. అక్కడ కాపలా ఉన్నది... ఆ నలుగురి ముఠాయే!

మూలిగితే తూటా. మూలక్కపోతే మట్టి.

"ఇంకా స్పీడు బాబాయ్!"

"ఇదేమైనా విమానమా?"

రేడియో గరగరలాడింది. డాక్టర్ గొంతు. "అంబులెన్స్ నంబర్ రెండు! ఎవర్నడిగి బయటికెళ్ళారు?"

నిజం చెప్పడానికి లేదు. ఆ రేడియోలో చెప్పే ప్రతి మాటా చెక్‌పోస్టులోనూ వినపడుతుంది!

"అర్జెంట్ మేడమ్. వచ్చి చెప్తాను."

"వచ్చేదాకా నీ పనులెవరు చేస్తారు? మూడు డ్రెస్సింగులు వదిలేశావ్. పన్నెండో బెడ్ సిమెంటు కట్టు కోయనే లేదు. బయట వేసిన కట్టు ఏదైనా మన దగ్గర కోసి చూడాల్సిందేనని ఎన్నిసార్లు చెప్పాలి? లోపల కుళ్ళితే కాలు పోతుంది!"

"వచ్చి కోస్తాను మేడమ్."

"అక్కర్లేదు. నేనే చూసుకుంటాను."

రేడియో ఆగిపోయింది.

బాబాయ్ హెడ్‌లైట్లు ఆర్పేశాడు. రోడ్డు సగం గుంతలే. బండి ఎగిరి పడుతోంది. వెనక ఆక్సిజన్ సిలిండర్ గోడకేసి బాదుకుంటోంది.

టప్‌!

పక్క అద్దం ముక్కలై ఒళ్ళో పడింది!

"తల దించు!"

టప్‌! టప్‌!

ఎటునుంచి కాలుస్తున్నారో తెలీదు. బాబాయ్ స్టీరింగ్ మీదకి వంగిపోయాడు.

"బాబాయ్! తగిలిందా?"

"లేదు. మా ఆవిడకి పాలపొడి తెస్తానని చెప్పొచ్చా. ఇవాళ కూడా తేలేదంటే వీళ్ళకన్నా ముందు అదే చంపుతుంది."

ఆమెకి నవ్వు రాలేదు. ముందుకే చూస్తోంది.

దూరంగా... ఒక్క ఎర్ర లైటు!

"అదే! అదే ట్రక్కు!"

దాని అవతల, కొంచెం ఎత్తులో, చెక్‌పోస్టు దీపం. మహా అయితే అర కిలోమీటరు.

బాబాయ్ రోడ్డు దింపేశాడు. బండి ఒక పక్కకి ఒరిగింది... లేచింది... ట్రక్కుని దాటి అడ్డంగా ఆగింది. ట్రక్కు కీచుమంటూ బంపర్ దాకా వచ్చి నిలబడింది.

ఆమె అప్పటికే ట్రక్కు వెనక భాగం ఎక్కేసింది.

మొదటి దుప్పటి. కాదు. రెండు. కాదు. మూడు... నాలుగు... ఎనిమిది. తొమ్మిది. పది.

పదే!

మళ్ళీ లెక్కపెట్టింది. పదే!

"తాతా! పదకొండోవాడేడీ?"

తాత తాపీగా దిగాడు. ఆయన ఎప్పుడూ తొందరపడడు. "ఎందుకు తల్లీ ఆ కేకలు? ప్రతివాళ్ళకీ తడిగుడ్డతో మొహం తుడవందే నేను బండెక్కించనని తెలుసు కదా. వాడికి గుడ్డ పెడితే కళ్ళు చిట్లించాడు. చచ్చినోడు చిట్లిస్తాడా?"

"అయితే...?"

"దింపేశా. మోసుకెళ్ళి మీ వార్డులోనే పడుకోబెట్టా. ఆ నల్ల ట్యాగ్ కట్టిందెవరో గానీ, ముందు వాళ్ళ కళ్ళు టెస్ట్ చేయించు."

ఆమె ట్రక్కు అంచున కూలబడిపోయింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

బతికే ఉన్నాడు! ఆస్పత్రిలోనే ఉన్నాడు!

"నా అద్దం పోయింది," అన్నాడు బాబాయ్. "ఈయన గుడ్డ తడుపుకుంటూ కూర్చున్నాడు."

"వార్డులో చోటెక్కడుంది తాతా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "అన్ని మంచాలూ నిండిపోయాయిగా."

"పన్నెండో మంచం పక్కన నేల మీద పరుపేశా. కాలికి సిమెంటు కట్టున్నాయన లేడూ? పిలిచి మరీ చోటిచ్చాడు. 'ఇటు తీసుకురా తాతా, తెలిసినవాడే, నేను చూసుకుంటా' అన్నాడు. మంచోడు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

పన్నెండో బెడ్.

మందుల షాపతను వచ్చిన అరగంటకి వచ్చాడు. ఇల్లు కూలి మీద పడిందన్నాడు. జుట్టులో దుమ్ము. చెవుల్లో దుమ్ము. గోళ్ళలో దుమ్ము.

కట్టు మాత్రం... తెల్లగా ఉంది.

మచ్చ కూడా లేదు!

'కొయ్యొద్దు సిస్టర్, నొప్పి' అని బతిమాలాడు. ఆమె సరేనంది. పనుల హడావుడిలో మర్చిపోయింది.

జేబులు తడుముతారు. నడుము తడుముతారు. విరిగిన కాలిని ఎవరు తడుముతారు?

ఐదే నిమిషాల్లో ఎందుకు వెళ్ళిపోయారు?

వదల్లేదు. రోగి వేషంలో ఇంకొకణ్ణి లోపలికి పంపారు!

ఆమె ట్రక్కు మీంచి దూకింది. మోకాలు చీరుకుపోయింది. అంబులెన్స్‌లోకి చెయ్యి పెట్టి రేడియో లాగింది. ఎవరైనా విననీ! ప్రపంచమంతా విననీ!

"మేడమ్! పన్నెండో బెడ్! ఆ కట్టు ముట్టుకోకండి! మేడమ్!"

గరగర.

తర్వాత ఒక మోత. సన్నగా, ఆగకుండా. కట్టు కోసే కరెంటు రంపం!

"ఏమీ వినపడట్లేదు సిస్టర్!" డాక్టర్ గొంతు పెంచి అరుస్తోంది. "నీ పనే చేస్తున్నా. ఒక చేత్తో రేడియో, ఒక చేత్తో రంపం! రెండు పక్కలా కోసేశాను. వద్దు వద్దని ఒకటే గోల ఈయన... ఉండు. ఇదేంటి? లోపల ఇనుము..."

ఢాం!

ఆమె చేతిలో రేడియో అదిరింది.

"మేడమ్?"

రేడియోని చెవికి ఆనించింది.

ఢాం! రెండోది.

"మేడమ్!"

అవతల రేడియో మీట ఎవరి ఒంటి కిందో నొక్కుకునే ఉంది.

రంపం తిరుగుతూనే ఉంది. ఆపేవాళ్ళు లేరు.