ఉప్పునుంతల గుంతలో నల్లమట్టి

ఓవర్సియర్ దేవరాజు చెప్పులైనా విడవకుండా గడప దాటాడు. నాగర్‌కర్నూల్‌లోని ప్రైవేటు డిటెక్టివ్ ఖాజా మియా ఇంటికి భయపడి వచ్చినవాళ్లకు కొదవ లేదు గానీ, చేతిలో నల్లమట్టి పెళ్ల పట్టుకుని వచ్చినవాణ్ణి సహాయకుడు కురుమయ్య అదే మొదటిసారి చూడటం.

"సాబ్, నన్ను అబద్ధాలకోరును చేసిన్రు. నౌకరీ పోయేటట్టుంది."

కురుమయ్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాక సంగతంతా బయటికొచ్చింది. ఉప్పునుంతలలో కాన్పుల దవాఖాన కట్టాలని సర్కారు తలపెట్టింది. అది లేక ఆ పక్క ఆడవాళ్లు నొప్పులతో ఎద్దులబండి ఎక్కి, నాగర్‌కర్నూల్ చేరకముందే ప్రాణాలు వదులుతున్నారు. భీమన్న పటేల్ భార్య జోగులమ్మ పోయింది కూడా ఆ దారిలోనే. బాట పక్కనున్న పటేల్ చెల్కలో, అంటే ఎర్రనేల చేనులో, దేవరాజు నిలువులోతు గుంత తవ్వించి చూశాడు. పైన ఎర్రమట్టి, కింద రాళ్లు కలిసిన గట్టి మొరం. గోడలు నిలుస్తాయని రిపోర్టు రాసి, పశువులు పడకుండా గుంత పూడ్పించమని పటేల్‌కు చెప్పి వచ్చాడు.

"మరి పేచీ ఎక్కడొచ్చింది?" అన్నాడు ఖాజా మియా.

"కురుమూర్తి శెట్టితోని. దవాఖాన తన జాగల కట్టాలన్నడు, అది రేగడని నేను కాదంటి. పంతం పట్టి అర్జీ పెట్టిండు. ఇంజనీరు సాబ్ వచ్చి నా గుంతనే మల్ల తవ్విపిస్తే అడుగుదాంక ఇదే నల్లరేగడి! రేపు మల్ల వస్తడు. దవాఖాన రద్దు, నేను బర్తరఫ్."

రేగడి వానకు ఉబ్బి, ఎండకు నోళ్లు తెరుస్తుంది. దాని మీద గోడ కడితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

పొద్దెక్కేసరికి ముగ్గురూ ఉప్పునుంతల చేరారు. ఖాజా మియా పొడుగు కోటు అచ్కన్ విప్పి కురుమయ్యకిచ్చి, గుంతలోకి దిగి, అడుగుమట్టి గుప్పిట్లో చిదిమాడు. మిరియాల్లాంటి ఎండు ఉండలు నాలుగు రాలాయి. వాటిని రుమాల్లో మూటగట్టుకుంటే కురుమయ్యకు నవ్వొచ్చింది. కానీ తన సాబ్ ఊరికే ఏదీ ఏరుకోడని వాడికి తెలుసు.

రెండోసారి తవ్విన కూలి గోవిందును పిలిచారు. "కష్టమైందా?"

"ఏం కష్టం సాబ్! పారతోనే వచ్చింది, గడ్డపార ముట్టలే. ఇరుకుగ తవ్వితే చాలు, దినమంత చేయకని పటేల్ అన్నడు."

కురుమూర్తి శెట్టి మాత్రం అడగకముందే అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా చేన్లకెల్లి మట్టి తెచ్చి పోసిననంటరా? పోయి చూస్కోండ్రి!" చూశారు. శెట్టి రేగట్లో ఎరువుగా చెరువు పూడిక తోలించారు, అడుగడుగునా నత్తగుల్లలు. అడగకముందే శెట్టి ఉలిక్కిపడటం చూసి కురుమయ్యకు దొంగ దొరికినట్టే అనిపించింది.

భీమన్న పటేల్ మర్యాదస్తుడు. అరుగు మీద కూర్చోబెట్టి చల్ల తెప్పించాడు. తెచ్చిన కోడలు లలితమ్మ నిండు నెలల మనిషి.

"చల్ల మంచిగుందమ్మా. మీ రేగడి చేను ఈ యేడు ఎట్లుంటది?" అన్నాడు ఖాజా మియా.

"మంచిగనే పండాలె సాబ్. ఈ ఎండకాలం మొదట్ల ఎరువుకని గొర్లమంద కట్టిచ్చినం."

ఖాజా మియా గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

మర్నాడు ఇంజనీరు సాబ్ రాగానే ఖాజా మియా గుంత చుట్టూ అందరినీ నిలబెట్టాడు. ఇంటి ఆడవాళ్లు చెల్క గట్టున నిలబడ్డారు.

"ఎండకాలం అసలు రేగడి రాయిలెక్క ఉంటది. గడ్డపార లేకుండ తెగదు. ఇక్కడ పారతోనే వచ్చింది. అంటే ఇది పుట్టిన మట్టి కాదు, పోసిన మట్టి." రుమాలు విప్పాడు. "ఇవి గొర్రె పెంటికలు. నిలువులోతుల గొర్లు మేస్తయా? ఎవరో మంద కట్టిన చేను పైమట్టి తెచ్చి గుంత నింపిన్రు. శెట్టి చేనుది గాదు, దాంట్ల నత్తగుల్లలుంటయి, ఇక్కడ ఒక్కటి లేదు. గుంత పూడ్చే పని ఎవరిది? ఇరుకుగ తవ్వమని చెప్పి, పాత గోడలు కనబడకుండ చూసిందెవరు?"

కురుమయ్య గుంతలోకి దిగి గడ్డపార అడ్డంగా పక్కగోడలో దింపాడు. నల్లమట్టి పొర ఊడిపడింది, వెనక మొరానికి తగిలి ఇనుము ఖంగుమంది. దేవరాజు ఊరటతో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కురుమయ్యకైతే ఊరంతా వినేలా చప్పట్లు కొట్టాలనిపించింది.

"తాతల నాటి చెల్క సాబ్," అన్నాడు భీమన్న. "బాట పక్క భూమి, ఇడువ బుద్ధి కాలే. దవాఖాన ఇంకోదిక్కు కడ్తరనుకున్న, అసలుకే పోతదని తెల్వదు."

గట్టు మీది నుంచి లలితమ్మ మాట వినిపించింది. "మామా, అత్తమ్మ బండి మీదనే పోయింది గద. నేను గూడ బండే ఎక్కాల్నా?"

భీమన్న తలపాగ తీసి గట్టున పెట్టి, గుంతలోకి దిగి, కురుమయ్య చేతిలోని గడ్డపార అందుకున్నాడు.

"జరుగు బిడ్డా," అన్నాడు. "నేను పోసిన మట్టి నేనే తీస్త."