శూన్యానికో ఫొటో

ఆ వీధిలో ఫొటో స్టూడియో నడిపే కుర్రాణ్ని అందరూ ఫ్లాష్‌బాబు అనేవారు. వాడు తీస్తే కాకి కూడా పెళ్ళికూతురిలా పడుతుందని పేరు. పక్కింటి మేక తన ఫొటో చూసుకుని సిగ్గుతో పూటంతా మేత మానేసిందట. నేను చూడలేదు గానీ, మేకకి అబద్ధమాడాల్సిన అవసరమేముంది?

అంతటివాణ్ని ఒక్క మనిషి ముప్పుతిప్పలు పెట్టింది. కాలేజీలో ఫిలాసఫీ చెప్పే లెక్చరరమ్మ. ఆమె రాసిన పుస్తకానికి ఫొటోలు కావాలి. అవీ మామూలువి కావు. భక్తి, కాలం, శూన్యం!

"ఇదేంటి?"

"భక్తి మేడమ్."

"ఇది దీపం. భక్తి ఎక్కడుంది?"

"వెనకాలుంది మేడమ్. ఫోకస్‌లో పడలేదు."

ఆమె నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కుంది. అంతే, మనవాడి గుండె క్లిక్‌మంది.

కాలం అంటే గోడ గడియారం ఫొటో తెచ్చాడు. "బావుంది. అమ్మకానికి పెట్టారా?" అంది.

ఇక మిగిలింది శూన్యం. "ఇదీ కుదరకపోతే పని పెద్ద స్టూడియోకి ఇచ్చేస్తా. ప్రెస్సువాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు" అని తేల్చేసింది.

అంటే ఇక రాదన్నమాట! వాడికి అన్నం సయించలేదు.

"నీకు కావాల్సింది పుస్తకమా, పిల్లా?" అని నిలదీసింది తల్లి.

"పుస్తకం పోతే పిల్లా పోతుందే!"

"అయితే కంచం ముందు ఏడవడం దేనికి? పోయి ఫొటో తియ్యి."

మర్నాడు ఆమెని ప్రార్థన మందిరానికి రమ్మన్నాడు. లోపల జనం కిటకిటలాడుతున్నారు.

"ఇంత జనంలో శూన్యమా? మీకు మతి ఉందా?"

"లెన్సుకి నల్లద్దం పెట్టి చాలాసేపు తెరిచి ఉంచుతా మేడమ్. కదిలేవాళ్ళెవరూ ఫొటోలో నిలవరు. కదలనివే మిగుల్తాయి."

"మరి దేవుడు?"

"ఆయన కదలకుండా కూర్చుంటే పడతాడు."

"సరే, నేనా మూల బెంచీ మీద కూర్చుంటా. నాకు దేవుడి మీద నమ్మకం లేదు గానీ, బెంచీ మీద ఉంది."

బయట వాన మొదలైంది. జనం మోకరిల్లారు, లేచారు, గొడుగుల కోసం తోసుకున్నారు. కెమెరా మాత్రం అలా కన్ను తెరుచుకునే ఉంది.

సాయంత్రం స్టూడియోలో ఇద్దరూ కంప్యూటర్ తెర ముందు కూర్చున్నారు. అంత జనమూ మాయం! నున్నటి నేల, వెలుగు, స్తంభాలు. మూల బెంచీ మీద మాత్రం లెక్చరరమ్మ, శిల్పంలా స్పష్టంగా.

"ఫొటో పాడైంది మేడమ్. మీరొక్కరే మిగిలిపోయారు."

"నేను కదిలాననే అనుకున్నా..."

"తల కూడా తిప్పలేదు. అంతసేపు ఎటు చూశారు?"

"గోడకేసి."

"అటు గోడ లేదు. తలుపుంది."

"తలుపుకేసే."

"తలుపుకి అడ్డంగా నేనున్నాను."

లెక్చరరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. 

స్టూడియో పరదా వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఒప్పేసుకో తల్లీ! వాడు తిండి మానేసి నా ప్రాణం తోడేస్తున్నాడు."

లెక్చరరమ్మ ఫక్కున నవ్వేసింది. "ఇది పుస్తకానికి పనికిరాదు. రేపు మళ్ళీ తీద్దాం."

"రేపు కూడా ఆ మూలే కూర్చుంటారా?"

"ఊహూఁ. కెమెరా వెనకాల, నీ పక్కనే నిలబడతా. అప్పుడు ఫొటోలో పడను కదా!"

ఆ మాటకి ఫ్లాష్‌బాబు ఎంతసేపు కదలకుండా ఉండిపోయాడంటే, బతికే ఉన్నాడో లేదోనని తల్లి వచ్చి గిల్లి చూసింది.