తొమ్మిది సబ్మిట్లు

"మీ ఫారం నుంచి నాకు ఖాళీ కవర్లు వస్తున్నాయండీ!"

శాలిబండలో అమరనాథ్ సార్ కంప్యూటర్ సెంటర్‌లో చేరిన మొదటి రోజే హరిప్రియ అన్న మాట అది. ఎదురు సీట్లో ఉన్న నందుకి తిక్క రేగింది.

"ఖాళీ ఎట్లయితది మేడం? పేరు రాసిన, ఊరు రాసిన, సబ్మిట్ కొట్టిన. మీ స్క్రిప్టే మింగుతున్నది."

"నా స్క్రిప్ట్ ఏమీ మింగదు. వచ్చింది వచ్చినట్టు దాస్తుంది."

"గట్లయితే నా పేరేది?"

అమరనాథ్ సార్ వచ్చి రెండు తెరలూ చూసి నవ్వారు. నందు తన ఫారంలో పేరు రాసే గడికి కోడ్‌లో "పేరు" అని పెట్టాడు. వచ్చిన వివరాలు దాచడానికి సర్వర్‌లో హరిప్రియ రాసిన స్క్రిప్ట్ "నేమ్" కోసం వెతికి, దొరక్క ఖాళీ అనుకుంటోంది.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి," అన్నారాయన.

అది 2006 జూలై. వైకుంఠం గారనే రిటైర్డ్ టీచర్ పెళ్లి సంబంధాలు చూస్తుంటారు. ఆయనకి వెబ్‌సైట్ కావాలి. జనం వివరాలు నింపే పేజీ నందు పని. అవి సర్వర్‌కి చేరాక భద్రం చేయడం హరిప్రియ పని. నందు శాలిబండలోనే పుట్టి పెరిగాడు. తండ్రి బాలనర్సింహకి పది బర్రెలున్నాయి, పాల వ్యాపారం. హరిప్రియ వాళ్లది కాకినాడ. నాన్న శ్రీరామమూర్తి కంచన్‌బాగ్‌లో ల్యాబ్ ఉద్యోగి.

మూడు వారాలు ఇద్దరూ కొట్లాడుకుంటూనే పనిచేశారు. అతను "ఏంది" అన్నప్పుడల్లా ఆమె వెక్కిరించేది. ఆమె "అండీ"లు అతను వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. వానొస్తే షేర్ ఆటో దొరికేదాకా ఒకే రేకు కింద నిలబడేవాళ్లు. ఆటో వెంటనే దొరికిన రోజు నందుకి ఎందుకో నచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం నందు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. సబ్మిట్ నొక్కితే పేజీ మారకూడదు. పేజీలో రాసిన జావాస్క్రిప్ట్ కోడే వివరాలన్నీ చడీచప్పుడు లేకుండా సర్వర్‌కి చేరవేయాలి. లోపలి గదిలో సర్వర్ ముందు హరిప్రియ కూర్చుంది.

నందు పరీక్షకని "ఎల్లయ్య, యాకుత్‌పురా" అని కొట్టి సబ్మిట్ నొక్కాడు. తెర మీద ఏ కదలికా లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ.

"పోతనే లేదు," అని గొణుక్కున్నాడు.

ఎట్లాగూ పోవడం లేదన్న ధైర్యంతో పేరు దగ్గర నందు అని కొట్టాడు. ఎలాంటి అమ్మాయి కావాలి అన్న గడిలో, "అండీ అండీ అని లొల్లి చేసే అమ్మాయి." సబ్మిట్. "నవ్వితే నేను కోడ్ మరిచిపోయే అమ్మాయి." సబ్మిట్. అలా కొడుతూ కొడుతూ చివరికి, "హరిప్రియ. ఇంకెవ్వరొద్దు." సబ్మిట్.

లోపలి గది తలుపు తెరుచుకుంది. హరిప్రియ ముఖం ఎర్రగా ఉంది. నందు వైపు చూడకుండా అమరనాథ్ సార్‌తో అంది.

"సార్, సర్వర్ చక్కగా పనిచేస్తోంది. ఈయన పేజీకే సర్వర్ ఇచ్చిన జవాబు చూపించడం రావట్లేదు."

నందు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. "అంటే... అన్నీ వచ్చినయా?"

"తొమ్మిది," అని గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నందు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే వాళ్లమ్మ రాజమణి అడిగింది.

"ఏందిరా, పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నదమ్మా. తప్పు చేసిన."

మూడో రోజు వైకుంఠం గారు సైట్ చూడ్డానికి వచ్చారు. సర్వర్ చూసే అమ్మాయి రెండు రోజులుగా రావడం లేదని అమరనాథ్ సార్ ఆయనకి చెప్పారు. ఆ తొమ్మిది వరుసలు తీసేద్దామంటే అందుకు కావాల్సిన పాస్‌వర్డ్ హరిప్రియ దగ్గరే ఉంది. వైకుంఠం గారు కళ్లద్దాలు పెట్టుకుని, వచ్చిన వివరాల జాబితా పైకి చదవడం మొదలుపెట్టారు. తొమ్మిదోదానికి వచ్చేసరికి నందు తల కీబోర్డును తాకింది. సరిగ్గా అప్పుడే హరిప్రియ లోపలికొచ్చింది.

"ఎవరమ్మా ఈ హరిప్రియ?"

"నేనేనండీ."

"ఈ పిలగాడు నచ్చక రాలేదా రెండు దినాలు?"

"అమ్మకి జ్వరమండీ. అయినా నన్ను అడగాల్సిన మాట సర్వర్‌ని అడిగితే నేనేం చెప్పను?"

నందు లేచి నిలబడ్డాడు.

"హరిప్రియ గారూ, మీరంటే నాకు మస్తు ఇష్టం. గీ మాట మీ మొఖం చూసి చెప్పే దమ్ము లేకుండె."

"ఇప్పుడొచ్చిందా?"

"రాలేదు. అయినా చెప్పిన."

ఆమె నవ్వేసింది. "నాకూ ఇష్టమే. కానీ మా నాన్నగారిని నువ్వే అడగాలి."

శ్రీరామమూర్తి వెంటనే ఒప్పుకోలేదు. "భాష వేరు, పద్ధతులు వేరు," అని నాలుగు నెలలు ముభావంగా ఉన్నాడు. నందు ప్రతి ఆదివారం కంచన్‌బాగ్ వెళ్లి, మంచినీళ్లు తాగి, మర్యాదగా తిరిగొచ్చేవాడు. హరిప్రియ మాత్రం ఇంకో సంబంధం చూడనివ్వలేదు.

డిసెంబర్‌లో ఒక ఉదయం ఆయనే శాలిబండ వచ్చాడు. బాలనర్సింహ చేతులు కడుక్కుని, మంచం మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాడు. రాజమణి చిక్కటి చాయ్ ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాడు.

"మా అమ్మాయికి కోపం ఎక్కువండీ," అన్నాడు శ్రీరామమూర్తి.

"మావోనికి ఓపిక ఎక్కువ సార్. ఫికర్ చేయకుండ్రి."

శ్రీరామమూర్తి మొదటిసారి నవ్వాడు. "అయితే మంచి రోజు చూద్దాం, బావగారూ."